సిగ్నల్ దగ్గర వేడెక్కి, హైవే మీద చల్లబడే కారు

ఎపిసోడ్‌లో గబగబా చెప్పేసిన ఫ్యాన్ టెస్ట్‌ని ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. డ్రైవ్ చేస్తూ వినేవాళ్ళు నోట్ చేసుకోలేరు కదా.

నేను ఇర్వింగ్‌లో ఉన్నప్పటి సంగతి. ఆగస్టు నెల, సాయంత్రం ఐదున్నర, 635 మీద కార్లు పాకుతున్నాయి. నాది 14 ఏళ్ళ పాత సెడాన్. టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకెక్కుతోంది. ట్రాఫిక్ కదిలి 50 మైళ్ళ స్పీడు అందుకోగానే దానంతటదే దిగింది. మళ్ళీ ఆగాం, మళ్ళీ ఎక్కింది.

మర్నాడు ఒక షాపుకి తీసుకెళ్తే హుడ్ ఎత్తి పది నిమిషాలు చూసి, "హెడ్ గ్యాస్కెట్ పోయింది, 2,400 డాలర్లు" అన్నారు. కారు కొన్నదే 4,000కి! నాది గంటల లెక్కన డబ్బులొచ్చే కాంట్రాక్ట్ పని, ఆఫీసుకి బస్సు లేదు, ఇంటికి పంపాల్సింది ఉంది. ఆలోచించుకుని వస్తానని బయటపడ్డాను.

మా రూమ్మేట్ బావగారు విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసిన మనిషి. ఫోన్ చేస్తే ఆయన అడిగింది ఒక్కటే. "ఆగితే వేడెక్కుతోందా, పరిగెడితే వేడెక్కుతోందా తమ్ముడూ?"

అసలు కిటుకు ఆ ప్రశ్నలోనే ఉంది. హైవే మీద గాలి తనంతట తానే రేడియేటర్‌లోంచి దూసుకుపోతుంది. ఆగినప్పుడు ఆ గాలిని లాగాల్సింది ఫ్యాన్. ఏసీ కండెన్సర్ కూడా సాధారణంగా రేడియేటర్ ముందే ఉంటుంది కాబట్టి దాని వేడీ అక్కడే కలుస్తుంది. అందుకే ఆగినప్పుడే వేడెక్కితే ముందు అనుమానించాల్సింది ఫ్యాన్‌ని. స్పీడులో, ఎత్తు ఎక్కేటప్పుడు వేడెక్కితే థర్మోస్టాట్, పూడుకుపోయిన రేడియేటర్, వాటర్ పంపు వైపు చూడాలి. కూలెంట్ తగ్గిపోతే రెండు రకాలుగానూ వేడెక్కవచ్చు, కాబట్టి లెవెల్ ముందే చూసుకోండి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే సుమా.

నా కారు నెల ముందు నుంచే చెబుతోంది. సిగ్నల్ దగ్గర ఏసీ వెచ్చగా, కదిలితే చల్లగా వచ్చేది. గ్యాస్ తగ్గిందేమో అనుకున్నాను. ఆ కండెన్సర్‌కి గాలి ఇచ్చేదీ ఈ ఫ్యానే అని అప్పటికి తెలియదు.

టెస్ట్ ఇదీ. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పార్కింగ్‌లో స్టార్ట్ చేసి, ఏసీ ఫుల్‌లో పెట్టి, హుడ్ ఎత్తి చూడండి. చాలా కార్లలో కొద్దిసేపట్లోనే ఫ్యాన్ తిరగాలి. చేతులు, చున్నీ దూరంగా ఉంచండి, ఎప్పుడైనా తిరుగుతుంది. తిరగకపోతే ఇంజన్ ఆపేసి ముందు ఫ్యూజ్ చూడండి. ఆ తర్వాత రిలే. ఫ్యూజ్ బాక్స్‌లో అదే నంబరున్న రిలే, చాలాసార్లు హారన్‌ది, తీసి ఫ్యాన్ రిలే స్థానంలో పెట్టి చూడండి. తిరిగిందా, రిలే పోయినట్టే. లేదంటే మెకానిక్ చేత మోటార్‌కి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇప్పించండి. అప్పుడు తిరిగితే మోటార్ బాగానే ఉంది, తప్పు వైరింగ్‌లోనో సెన్సార్‌లోనో. తిరగకపోతే మోటారే. కొన్ని కార్లలో రిలేకి బదులు మాడ్యూల్ ఉంటుంది, కొన్ని ట్రక్కుల్లో ఫ్యాన్ బెల్ట్‌తో తిరుగుతుంది. వాటికి ఈ పద్ధతి పనికిరాదు.

రోడ్డు మీద ముల్లు ఎక్కడం మొదలైతే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌లో పెట్టి, అద్దాలు దించండి. హీటర్ ఒక చిన్న రేడియేటర్ లాంటిదే, ఇంజన్ వేడిని మన మొహాన కొడుతుంది. టెక్సాస్ ఎండలో నరకమే, కానీ ఎగ్జిట్ దాకా చేరుస్తుంది. ముల్లు ఎరుపులోకి వెళ్తే మాత్రం షోల్డర్ మీదకి తీసి ఇంజన్ ఆపేయడమే. "ఇంకొక్క మైలే కదా" అనుకుంటే అల్యూమినియం హెడ్ వంకరపోతుంది, అప్పుడు నిజంగానే గ్యాస్కెట్ పోతుంది. వేడి మీద రేడియేటర్ మూత తిప్పారో, మరిగే కూలెంట్ మొహం మీదకి చిమ్ముతుంది.

హెడ్ గ్యాస్కెట్ అని ఎవరైనా అంటే "బ్లాక్ టెస్ట్ చేశారా?" అని అడగండి. రేడియేటర్ మూత దగ్గర నీలం ద్రవం ఉన్న గొట్టం పెడతారు. ఇంజన్‌లో మండిన గ్యాస్ కూలెంట్‌లోకి వస్తుంటే నీలం పసుపు అవుతుంది. నేను వేరే షాపులో చేయించాను. నీలం నీలంగానే ఉంది.

పోయింది రిలే. 18 డాలర్లు. పార్కింగ్‌లోనే మార్చుకున్నాను.