ధైర్యం చెప్పేముందు హిమోగ్లోబిన్ చూడండి

హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ నుంచి రెడ్‌హిల్స్ వైపు వెళ్తే నిలోఫర్ ఆస్పత్రి వస్తుంది. ఏడో నిజాం కోడలు నిలోఫర్ దగ్గర పనిచేసే పరిచారిక పురుట్లో చనిపోయింది. ఆ బాధలోంచి పుట్టిన ఆస్పత్రి ఇది, 1953 నాటిది. అప్పటి భయం ఇప్పుడు చాలావరకు తగ్గింది. 2018–20లో తెలంగాణలో లక్ష జననాలకు 43 మంది తల్లులు చనిపోయారు; దేశ సగటు 97. బిడ్డతో క్షేమంగా ఇంటికి చేరిన తల్లి ఆ తర్వాత ఎలా ఉంటోందన్నది వేరే లెక్క. నీరసంగా కనిపిస్తే ‘కాస్త నీ గురించి కూడా చూసుకో’, బెంగపడితే ‘ధైర్యంగా ఉండు’ అంటారు ఇంట్లోవాళ్లు. ధైర్యం తగ్గినట్టు కనిపించే చోట చాలాసార్లు తగ్గింది నిద్రో, రక్తమో, సాయమో. అవి కొలవగలిగినవే.

289, 88

2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే, ఆ పనిలో చెయ్యి వేసే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. తిండి, నిద్ర, స్నానం లాంటి సొంత అవసరాలకు మాత్రం ఆడవాళ్లకు 706 నిమిషాలు, మగవాళ్లకు 710. తేడా నాలుగు నిమిషాలేగా అనిపిస్తుంది. కానీ ఇది ఆరేళ్లు నిండిన అందరి సగటు. చంటిబిడ్డ తల్లి రాత్రి నాలుగుసార్లు లేచినా, ఆ ముక్కలన్నీ కూడితే కాగితం మీద నిద్ర నిద్రగానే కనిపిస్తుంది. ఆమెకు కావాల్సింది ఎవరూ పిలవని రెండు, మూడు గంటలు. ఆ 88 పెరిగితేనే అవి దొరుకుతాయి.

57.6

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత. గర్భం లేనప్పుడు హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే ఈ లెక్కలోకి వస్తారు. నీరసం, ఆయాసం, దేనిమీదా మనసు నిలవకపోవడం దాని లక్షణాలు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అంటారు. ఆమె ‘నావల్ల కావట్లేదు’ అనుకుంటుంది.

బాలింతకు 180 రోజుల పాటు రోజూ ఒక ఐరన్ మాత్ర వేసుకోమని ప్రభుత్వమే ఇస్తుంది. వేసుకునే తీరులోనే చిక్కంతా ఉంది. పొద్దున్నే క్యారేజీలు కట్టి, అందరినీ పంపి, చల్లారిన చాయ్‌తో ఐరన్, కాల్షియం మాత్రలు రెండూ ఒకేసారి గుటుక్కున మింగేస్తారు. చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు, కాల్షియం కూడా అంతే. రెండు మాత్రల మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్‌ను నిమ్మరసంతో తీసుకుంటే మేలు.

పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. పథ్యం పేరుతో పప్పు, కూరలు, పళ్లు మాన్పించే ఇంట్లో ఆ 600 ఎక్కణ్నుంచి వస్తాయి?

22

భారత్‌లో 38 అధ్యయనాలను, 20 వేల మందికి పైగా తల్లుల వివరాలను కలిపి చూసిన విశ్లేషణ 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చింది. కాన్పు తర్వాత కుంగుబాటు 22 శాతం మందిలో ఉందని తేలింది. అంటే అయిదుగురిలో ఒకరికి పైమాటే. దీన్ని పసిగట్టడానికి వాడే ఎడిన్‌బరో ప్రశ్నావళిలో పది ప్రశ్నలుంటాయి, గడిచిన ఏడు రోజుల గురించి. అందులో ఒకటి, అనవసరంగా మిమ్మల్ని మీరే నిందించుకుంటున్నారా అని. ‘నేను మంచి తల్లిని కాదేమో’ అని పదేపదే అనే మనిషిని పిరికిది అనేసేముందు ఆ పది ప్రశ్నలూ అడగాలి. కాన్పయిన కొత్తలో వచ్చే ఏడుపు, దిగులు సాధారణంగా వాటంతటవే సర్దుకుంటాయి. రెండు వారాలు దాటితే డాక్టరును కలవాలి. చనిపోవాలనో, బిడ్డకు హాని చేయాలనో అనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

50

ఉద్యోగం చేసే తల్లికి 2017 చట్ట సవరణ జీతంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26కు పెంచింది, మొదటి ఇద్దరు పిల్లల వరకు. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. పంజాగుట్టలోని పెద్ద ఆఫీసుల్లో అడగదగ్గ హక్కు ఇది. అమీర్‌పేటలో పాతికమందితో నడిచే బట్టల దుకాణంలో సేల్స్‌గర్ల్‌కు మాత్రం ఆ కేంద్రం వర్తించదు. ఆమె బిడ్డను అమ్మమ్మో, పక్కింటావిడో చూడాల్సిందే.

మరి ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఏమిటి? బస్తీ దవాఖానాలో రక్తపరీక్ష ఉచితం, ఈ వారమే తీసుకెళ్లండి. పాలు పట్టాక బిడ్డను ఎత్తుకుని తల్లిని పడుకోనివ్వండి. దిగులు వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చేమీ ఉండదు. ఇవన్నీ చేశాక ధైర్యం చెప్పండి, అప్పుడది ఆమెకు వినిపిస్తుంది.