చక్రానికీ మనిషికీ నడుమ

'కందెన వేయని బండికి కావలసినంత సంగీతం' అని మన పెద్దలు ఒక సామెత చెప్పారు. ఇరుసుకు పూసిన కందెన ఎండిపోతే ఎడ్లబండి ఊరంతటికీ వినిపించేలా మొరపెట్టుకుంటుంది. బండివాడు దిగి కందెన పూస్తాడు. మోటారు వాహనంలో ఈ సౌకర్యం తక్కువ. దానిలోని కొన్ని భాగాలు చప్పుడు చేయకుండానే అరిగిపోతాయి. నడిపేవారికి ఆ సంగతి తెలిసేసరికి ఒక్కొక్కప్పుడు ఆలస్యమైపోతుంది. అటువంటి భాగాలలో ముఖ్యమైనది సస్పెన్షన్.

చక్రాలను వాహనపు దేహానికి కలిపే ఏర్పాటునంతటినీ సస్పెన్షన్ అంటారు. లోపల కూర్చున్నవారికి కుదుపులు తగలకుండా చూడడమే దాని పని అని చాలామంది భావిస్తారు. అది సగం నిజం మాత్రమే. గతుకుల దారిలో సైతం టైరు నేలను విడువకుండా అదిమి ఉంచడం దాని రెండవ పని. స్టీరింగు తిప్పినా, బ్రేకు వేసినా, ఆ బలమంతా నేలకు చేరేది టైరు రోడ్డును తాకే అరచేయంత చోటులోనే. ఆ స్పర్శ తప్పిన క్షణంలో ఎంత గొప్ప బ్రేకు అయినా నిష్ప్రయోజనమే.

ఈ ఏర్పాటులో మొదటిది స్ప్రింగు. లారీల కింద కనిపించే కమాను కట్టలు, కార్లలోని చుట్టల స్ప్రింగులు ఈ జాతివే. స్ప్రింగు ఎంత నొక్కుకుపోతే అంత బలంగా ఎదురు తన్నుతుందని 1678లో రాబర్ట్ హుక్ వెల్లడించిన నియమాన్ని విద్యార్థులు భౌతికశాస్త్రంలో చదివే ఉంటారు. అయితే స్ప్రింగుకు ఒక దోషం ఉంది. మింగిన శక్తిని అది తిరిగి కక్కుతుంది. కారును ఊయల వలె ఊపుతూనే ఉంటుంది. ఆ ఊపును అణచేది షాక్ అబ్జార్బరు. దాని గొట్టంలోని నూనె సన్నని రంధ్రాల గుండా బలవంతంగా ప్రవహించి, కదలిక శక్తిని వేడిగా మారుస్తుంది. ఈ రెండింటితో పాటు చక్రాన్ని పట్టి ఉంచే లోహపు భుజాలు, వాటి కీళ్లలో రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు ఉంటాయి.

స్పోర్ట్స్ కారులో ఈ భాగాలకు పరీక్ష మరింత కఠినం. అది నేలకు దగ్గరగా ఉంటుంది. దాని స్ప్రింగులు గట్టివి. 1989లో జపానుకు చెందిన మాజ్డా సంస్థ విడుదల చేసిన ఎం.ఎక్స్-5 అనే రెండు సీట్ల కారునే తీసుకుంటే, దాని నాలుగు చక్రాలలో ప్రతిదానికీ పైన ఒకటి, కింద ఒకటి చొప్పున రెండు భుజాలు ఉన్నాయి. మలుపులో టైరు నిటారుగా నిలవడానికి ఇది చక్కని పద్ధతి. కాని భుజాలు ఎక్కువైతే కీళ్లూ ఎక్కువే. కీళ్లు ఎక్కువైతే అరిగే చోట్లూ ఎక్కువే.

కారు వయసు పెరిగేకొద్దీ రబ్బరు బిరుసెక్కి పగుళ్లు వారుతుంది. తిరగకుండా షెడ్డులో నిలిపిన కారుకు కూడా ఈ వార్ధక్యం తప్పదు. షాక్ అబ్జార్బరు సీలు అరిగి నూనె కారిపోతుంది. స్ప్రింగు కొద్దికొద్దిగా కుంగుతుంది. ఈ మార్పులన్నీ ఒక్కరోజులో రావు. రోజూ ఆ కారునే నడిపే మనిషి తనకు తెలియకుండానే దాని లోపాలకు అలవాటుపడిపోతాడు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. చక్రం ఎగిరెగిరి పడుతూ బ్రేకు వేసినా కారు ఆగే దూరం పెరిగిందని అతడు గ్రహించేది, ఎదురుగా ఒక మనిషి అడ్డువచ్చిన నాడే.

పెద్దపల్లి జిల్లా రామగిరి ప్రాంతపు రోడ్లను తలచుకుంటే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. ఇది సింగరేణి బొగ్గు నేల. వేసవిలో ఎండ నలభై అయిదు డిగ్రీలకు చేరి రబ్బరును వేపుతుంది. బరువైన లారీలు తిరిగే దారిలో గాళ్లు పడతాయి. బొగ్గుధూళి షాక్ అబ్జార్బరు కడ్డీకి అంటుకుని, ప్రతి కదలికలోనూ ఆకురాయి వలె సీలును కోస్తుంది. ఇటువంటి చోట పాత కారును కాపాడుకోదలచినవారు కొన్ని నియమాలు పాటించాలి.

కారు మూలను బలంగా అదిమి వదిలితే ఒకసారి లేచి కుదుటపడాలి. మళ్లీ మళ్లీ ఊగితే షాక్ అబ్జార్బరు పని అయిపోయినట్లే. అయితే ఊగనంత మాత్రాన అది బాగున్నదని నమ్మరాదు. గొట్టంపై నూనె తడి ఉన్నదేమో, టైరు గుంటలు గుంటలుగా అరిగిందేమో కూడా చూడాలి. షాక్ అబ్జార్బర్లను ఎడమ, కుడి జతగానే మార్చాలి. కొత్త రబ్బరు బుష్‌ల బోల్టులను కారు గాలిలో ఉండగా పూర్తిగా బిగించరాదు. అలా బిగిస్తే, కారు దిగగానే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. బరువు చక్రాలపై పడిన తరువాతనే చివరి బిగింపు. పని ముగిశాక చక్రాల అలైన్‌మెంటు సరిచూడాలి. జాకీని మాత్రమే నమ్మి కారు కిందికి దూరరాదు. నొక్కి ఉన్న స్ప్రింగును తగిన సాధనం లేకుండా విప్పడం ప్రాణాపాయం.

ఈ విషయంలో మనకు పాఠం చెప్పగల గురువు రామగిరి చెంతనే ఉంది. అది ఉపరితల గనిలోని డంపరు. పదుల టన్నుల బరువు మోసే అటువంటి యంత్రాలలో ఉక్కు చుట్టలకు బదులు నూనె, నైట్రోజన్ వాయువు నింపిన సిలిండర్లు ఉంటాయి. వాయువు తగ్గితే సిలిండరు కుంగుతుంది. అందుకే కడ్డీ బయటికి ఎంత పొడవు కనిపిస్తున్నదో కొలిచి దాని ఆరోగ్యాన్ని నిర్ణయిస్తారు. ఆ కొలత తప్పితే చట్రం పగులుతుంది. ఆపరేటరు వెన్నెముకకు కుదుపు చేరుతుంది. కనుకనే అటువంటి యంత్రాలను చప్పుడు వచ్చినప్పుడు కాక, పనిచేసిన గంటల లెక్కన తనిఖీ చేస్తారు.

సొంత కారు గల మనిషి ఈ క్రమశిక్షణను అలవరచుకోవడం కష్టం కాదు. ఒక చిన్న పుస్తకంలో ఏ భాగం ఏనాడు మార్చినదీ, ఎన్ని కిలోమీటర్లకు మార్చినదీ రాసుకుంటే చాలు. ఎడ్లబండి తన బాధను తానే చెప్పుకొనేది. నేటి వాహనం చెప్పదు. మనమే అడిగి తెలుసుకోవాలి.

కఠిన పదాలు – అర్థాలు
కందెన : ఇరుసు అరగకుండా పూసే జిడ్డు పదార్థం
వార్ధక్యం : ముసలితనం
గాళ్లు : చక్రాల ఒత్తిడికి దారిలో పడిన చాళ్లు
ఆకురాయి : లోహాన్ని అరగదీసే పనిముట్టు

ప్రశ్నలు
1. స్ప్రింగు దోషాన్ని షాక్ అబ్జార్బరు ఎట్లా సరిచేస్తుంది?
2. సస్పెన్షన్ అరుగుదలను నడిపేవారు త్వరగా గుర్తించలేకపోవడానికి కారణమేమి?
3. డంపరు నిర్వహణ నుండి సొంత వాహనదారులు నేర్చుకోవలసినది ఏమిటో వివరించండి.