ఫోన్ మైక్రోస్కోప్‌తో ఎగ్జిమా తగ్గిందో లేదో తెలుస్తుందా? 40ఎక్స్ కెమెరాతో నరసరావుపేటలో మా టెస్ట్

రియల్‌మీ జీటీ 2 ప్రో 2022లో మన దగ్గర లాంచ్ అయినప్పుడు అందరూ ప్రాసెసర్ గురించే మాట్లాడారు. నాకు నచ్చింది మాత్రం వెనకున్న 40ఎక్స్ మైక్రోస్కోప్ కెమెరా. అంతకు ముందు ఏడాది ఒప్పో ఫైండ్ ఎక్స్3 ప్రోలో 60ఎక్స్ వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో ఫోన్ తీసుకున్నాక చీర నేత, మిరప గింజ, ఉప్పు పలుకు... ఇంట్లో దేన్నీ వదల్లేదు.

చివరికి అక్క కూతురి మోచేతి మడత దాకా వెళ్లింది వ్యవహారం. పాపకి నాలుగేళ్లు, ఎగ్జిమా ఉంది. క్రీమ్ రాశాక అక్క ఫొటో తీసి, "ఒరేయ్, తెల్ల పొట్టు మొత్తం పోయింది చూడు, ఇంక ఆయింట్‌మెంట్ ఆపేద్దామా?" అంది.

వద్దక్కా అన్నాను. పొట్టు తెల్లగా కనిపించేది పొరల సందుల్లో గాలి ఉండటం వల్ల. క్రీమ్ ఆ సందుల్లో నిండితే వెలుతురు చెదరడం తగ్గుతుంది. నూనె పడ్డ కాగితం చూశారుగా, అలాగన్నమాట. ఫొటోలో పొట్టు మాయం, చర్మం మాత్రం ఎలా ఉందో అలాగే ఉంటుంది. రాయకముందు తీసిన ఫొటో పక్కన పెట్టి చూపిస్తే గానీ అక్క నమ్మలేదు.

ఇక రిజల్యూషన్ సంగతి. మన చర్మానికి గోడలా పనిచేసే పై పొర ముంజేతి మీద దాదాపు 10-20 మైక్రాన్లే. కణాలు ఇటుకలు, మధ్యలో కొవ్వు సిమెంట్. ఫోన్ ఈ గోడని పైనుంచి మాత్రమే చూస్తుంది: గీతలు, రోమాలు, పొట్టు. కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ అయితే లేజర్‌తో, చర్మం కొయ్యకుండానే, సుమారు 200 మైక్రాన్ల లోతు దాకా ఒక్కో కణాన్నీ చూపిస్తుంది. సిమెంట్ వరసలు చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే. ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ జన్యువులో లోపం ఉంటే ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువని 2006లో డండీ యూనివర్సిటీ టీమ్ తేల్చింది. దాన్ని ఏ కెమెరా చూపిస్తుంది చెప్పండి?

అయినా వాడతానంటే క్రీమ్ రాయకముందు, ఒకే చోట, ఒకే వెలుతురులో తీయండి. పక్కనే మామూలు కెమెరా ఫొటో కూడా ఉంచండి. డాక్టర్‌కి అదే ఎక్కువ పనికొస్తుంది. పుండు పడ్డ చోట లెన్స్ ఆనించొద్దు, వాడాక తుడవండి.

మా పాప ఆయింట్‌మెంట్ కంటిన్యూ అవుతోంది. వచ్చే వారం అక్క వాళ్లు చెకప్‌కి గుంటూరు వెళ్తున్నారు.