ఖాయిదా అట్టపై రెండు పంక్తులు

బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే బిస్మిల్లా చేయించడం మన ఇళ్లలో తాతల నాటి ఆనవాయితీ. కొత్త బట్టలు తొడిగి, ఉస్తాద్ ఎదుట కూర్చోబెట్టి, అలఖ్ సూరాలోని తొలి ఐదు ఆయతులు పలికిస్తారు. దివ్య ఖురాన్‌లో మొట్టమొదట అవతరించినవి అవే. చదువును, కలాన్ని గుర్తుచేసే ఆయతులవి.

ఈ వయసు లెక్క షరీఅత్ విధించింది కాదు, పెద్దలు ముచ్చటపడి పెట్టుకున్నది. కనుక దావత్ కోసం అప్పు చేయనక్కరలేదు. తిన్న బిర్యానీ నాలుగు రోజుల్లో మరచిపోతారు. బిడ్డ తొలిసారి వేలుపెట్టి చదివిన ఖాయిదాను మాత్రం పారేయకండి. దాని లోపలి అట్టపై బిడ్డ పేరు, హిజ్రీ, ఇంగ్లీషు తేదీలు, ఉస్తాద్ పేరు రాయండి. తొలి రోజా, ఖురాన్ ఖతం తేదీలను కూడా ఆ కిందే చేర్చండి. దాదా చేతనో, నానీ చేతనో ఒక దుఆ రాయించి, జుజ్‌దాన్‌లో చుట్టి భద్రపరచండి.

అయితే ఒక్క మాట. తెలుగు, ఇంగ్లీషు మీడియం బడులకు వెళ్లే మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ లిపి రాదు. దాదా రాసిన దుఆ వాళ్ల కంటికి వట్టి గీతలే. అందుకే ఉర్దూ పంక్తి కింద అదే మాట తెలుగులోనూ రాయండి. కింది పంక్తి చదివిన బిడ్డకు, ఇన్షా అల్లాహ్, పై పంక్తి కూడా చదవాలన్న కోరిక పుడుతుంది.