ఎవరి చేతికి చిక్కితే వారి పేరు: బుడాపెస్ట్ ఎం.టి.కె. కథ

హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో 1888 నవంబర్ 16న పుట్టిన ఎం.టి.కె. ఆ దేశపు అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్‌ను 23 సార్లు గెలిచింది. ఈ లెక్కలో దానికన్నా ముందున్నది చిరకాల ప్రత్యర్థి ఫెరెన్స్‌వారోష్ ఒక్కటే. అయితే ఈ క్లబ్బు చరిత్రను గెలుపోటముల పట్టికగా చదివితే సగమే అర్థమవుతుంది. దేశంలో గాలి మారినప్పుడల్లా దాని పేరు మారింది, యజమానులు మారారు, ఒక దశలో క్లబ్బే మూతపడింది. ఇంత అల్లకల్లోలంలోనూ తెగకుండా ఒక తరం నుంచి మరో తరానికి అందినది మాత్రం బంతిని నేల విడవనీయకుండా, పొట్టి పాసులతో ఆడే ఆటతీరు.

ఎం.టి.కె. అంటే ‘మాగ్యార్ టెష్ట్‌ద్యాకోర్లోక్ కొరె’, అంటే హంగేరీ వ్యాయామకారుల మండలి. అప్పటికే ఉన్న జాతీయ జిమ్నాస్టిక్స్ సంఘంలో ఇమడలేక బయటికి వచ్చిన సభ్యులు దీన్ని స్థాపించారు. వారిలో చాలామంది వ్యాపారాలలోనూ న్యాయ, వైద్య వృత్తులలోనూ పైకి వస్తూ, తమను హంగేరియన్లుగానే భావించుకున్న యూదు మధ్యతరగతివారు. కత్తిసాము, జిమ్నాస్టిక్స్‌లతో మొదలైన ఈ మండలిలో ఫుట్‌బాల్ విభాగం 1901లో ఏర్పడి, 1904కే లీగ్ టైటిల్ తెచ్చిపెట్టింది. 1899లో పుట్టిన ఫెరెన్స్‌వారోష్ ఆకుపచ్చ తెలుపు చొక్కాలకూ, ఎం.టి.కె. నీలి తెలుపు చొక్కాలకూ నడుమ సాగే పోరును హంగేరియన్లు నేటికీ ‘నిత్య పోరు’ అనే అర్థమున్న పేరుతోనే పిలుస్తారు.

1905లో అధ్యక్షుడైన ఆల్ఫ్రెద్ బ్రూల్ సంపన్నుడు, అవివాహితుడు. తన సొమ్మునూ కాలాన్నీ క్లబ్బుకే ధారపోసిన ఆయన హయాంలోనే, 1912లో, హంగేరియా రోడ్డు మీద సొంత స్టేడియం లేచింది. మొదట స్కాట్లాండ్‌కు చెందిన జాన్ టైట్ రాబర్ట్‌సన్ శిక్షకుడిగా వచ్చాడు. ఆ తరువాత వచ్చిన జిమ్మీ హోగన్ రాక మాత్రం యుద్ధం చలవే: ఈ ఇంగ్లిష్ శిక్షకుడు మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమయ్యేనాటికి వియన్నాలో ఉండి శత్రుదేశ పౌరుడిగా అరెస్టయ్యాడు, ఎం.టి.కె. పెద్దలు పూచీపడి బుడాపెస్ట్‌కు రప్పించారు. అతడు యువ ఆటగాళ్లకు బంతిని అదుపు చేయడం, అది తమ దగ్గరికి వచ్చేలోపే ఎవరికి అందించాలో తేల్చుకోవడం ఓపికగా నేర్పాడు. ద్యోర్ద్ ఓర్త్ వంటి ప్రతిభావంతులు ఆ బడిలోనే ఆరితేరారు. ఫెరెన్స్‌వారోష్‌లో గోల్స్ వరద పారించిన ఇమ్రె ష్లోసర్ కూడా ఈ పక్షానికే వచ్చాడు. 1914 నుంచి 1925 వరకు జరిగిన పది లీగ్ పోటీలనూ ఎం.టి.కె. ఒక్కటే గెలుచుకుంది. యుద్ధం వల్ల రెండు సీజన్లు అధికారిక లీగ్ లేకపోయినా, ఇలాంటి ఏకఛత్రాధిపత్యం ఏ దేశపు లీగ్‌లోనైనా అరుదు.

ఆ వైభవం మధ్యలోనే పునాదులు కదలసాగాయి. విశ్వవిద్యాలయాలలో యూదుల సీట్లకు పరిమితి విధించే చట్టం 1920లోనే వచ్చింది. పని కోసం, భద్రత కోసం, డబ్బు కోసం ఆటగాళ్లు విదేశాల బాట పట్టారు. బేలా గుట్మన్ వియన్నా మీదుగా సాగి, చివరకు 1961, 1962లలో పోర్చుగల్ క్లబ్బు బెన్ఫికాకు యూరోపియన్ కప్పులు గెలిపించిన శిక్షకుడయ్యాడు. డోరి క్యూర్ష్నర్ బ్రెజిల్‌లో ఫ్లమెంగోకు శిక్షణ ఇచ్చాడు. ఎం.టి.కె. పోగొట్టుకున్నది ప్రపంచానికి దక్కిందనాలి.

1926లో వృత్తిపర ఫుట్‌బాల్ ప్రవేశించడంతో జట్టు ‘హంగేరియా’ పేరుతో ఆడి, 1929, 1936, 1937లలో టైటిళ్లు గెలిచింది. 1938 నుంచి వరుసగా వచ్చిన యూదు వ్యతిరేక చట్టాలు ఉద్యోగాలతో పాటు క్రీడాసంఘాలనూ ఉక్కిరిబిక్కిరి చేశాయి. 1940లో క్లబ్బు మూతపడింది. మూడున్నర దశాబ్దాలు దాన్ని పోషించిన బ్రూల్‌ను 1944లో ఆష్‌విట్జ్ మృత్యు శిబిరంలో చంపారు.

1945లో పునరుద్ధరణ జరిగినా, కమ్యూనిస్టు పాలనలో క్రీడాసంఘాలను ప్రభుత్వ శాఖలకూ కార్మిక సంఘాలకూ పంచిపెట్టినప్పుడు ఈ క్లబ్బు వస్త్ర కార్మికుల వాటాకు వెళ్లి ‘టెక్స్టిలెష్’ అయింది. 1951లో రహస్య పోలీసుల చేతికి చిక్కి ‘బాష్‌త్యా’, అంటే బురుజు, అయింది. 1953లో ‘వొరొష్ లొబొగో’, అంటే ఎర్రజెండా, అయింది. 1956లో మళ్లీ ఎం.టి.కె. అయింది. విచిత్రమేమిటంటే, పేరు ఇలా బంతిలా చేతులు మారుతున్న ఆ కాలంలోనే శిక్షకుడు మార్టన్ బుకోవి ఆట స్వరూపాన్నే మార్చాడు. అంతవరకు సెంటర్ ఫార్వర్డ్ అంటే ప్రత్యర్థి గోల్ ముందు కాపు కాసే ఆటగాడు. బుకోవి అతణ్ని మైదానం మధ్యకు లాగాడు. అతణ్ని కాయవలసిన డిఫెండర్ వెంట వెళ్తే వెనుక ఖాళీ ఏర్పడుతుంది, వెళ్లకపోతే ఆటంతా అతని చేతుల్లోకి పోతుంది. ఈ పాత్రను ముందు పేటర్ పలోటాష్, తరువాత నాందోర్ హిదెగ్కుటి పోషించారు.

హంగేరీ జాతీయ జట్టు ఇంగ్లండ్‌ను దాని సొంత గడ్డ మీద 6–3తో ఓడించిన 1953 నవంబర్ 25 నాటి వెంబ్లీ మ్యాచ్‌లో మూడు గోల్స్ చేసినవాడు ఈ హిదెగ్కుటే. ఆ జట్టు ప్రధాన శిక్షకుడు గుస్తావ్ షెబెష్ కూడా ఒకప్పటి ‘హంగేరియా’ ఆటగాడు. విజయానంతరం హంగేరీ పెద్దలు తమ గురువుగా స్మరించినది హోగన్‌నే. ఆ ప్రభావం హైదరాబాద్ దాకా వచ్చిందనడం అతిశయోక్తి కాదు: 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో హంగేరీ స్వర్ణం గెలిచినప్పుడు అక్కడే భారత జట్టుకు శిక్షకుడిగా ఉన్న హైదరాబాద్‌వాసి సయ్యద్ అబ్దుల్ రహీమ్, వెనక్కి జరిగి ఆడే సెంటర్ ఫార్వర్డ్ పద్ధతిని అనంతర కాలంలో భారత జట్టుకూ అలవాటు చేశాడు.

1955లో మొదలైన యూరోపియన్ కప్పులో ‘వొరొష్ లొబొగో’ తొలి మ్యాచ్‌లోనే బెల్జియం జట్టు ఆండర్లెక్ట్‌ను 6–3తో ఓడించింది. ఆ పోటీ చరిత్రలో తొలి హ్యాట్రిక్ పలోటాష్‌దే. 1964లో కప్ విజేతల కప్పు సెమీఫైనల్లో, గ్లాస్గోలో సెల్టిక్ చేతిలో 0–3తో ఓడినా సొంతగడ్డపై 4–0తో గెలిచి, పోర్చుగల్ క్లబ్బు స్పోర్టింగ్‌తో ఫైనల్‌కు చేరింది. బ్రస్సెల్స్‌లో 3–3తో సమమైన ఆ పోరును రెండు రోజుల తరువాత ఆంట్‌వెర్ప్‌లో మళ్లీ ఆడించగా, స్పోర్టింగ్ ఆటగాడు మొరాయిష్ కార్నర్ నుంచి నేరుగా కొట్టిన ఏకైక గోల్‌తో కప్పు చేజారింది. యూరప్‌లో ఎం.టి.కె. అంత ఎత్తుకు మళ్లీ వెళ్లలేదు.

తరువాతి దశాబ్దాలలో టైటిళ్లు అడపాదడపా వచ్చాయి, చివరిది 2008లో. పాత స్టేడియంలో ‘ఎస్కేప్ టు విక్టరీ’ సినిమా చిత్రీకరణ జరిగింది. దాని స్థానంలో 2016లో తెరిచిన చిన్న స్టేడియం హిదెగ్కుటి పేరుతోనే ఉంది. 2011 తరువాత క్లబ్బు పలుమార్లు రెండో శ్రేణికి జారి తిరిగి పైకి వచ్చింది. ప్రేక్షకుల సంఖ్యలో ఫెరెన్స్‌వారోష్‌తో దానికి పోలికే లేదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఎం.టి.కె. చుట్టూ అల్లుకున్న సమాజంలో అధిక భాగం తుడిచిపెట్టుకుపోవడం ఇందుకు ప్రధాన కారణాలలో ఒకటని చెప్పక తప్పదు. 23 టైటిళ్ల జాబితాలో రహస్య పోలీసుల ఏలుబడిలో గెలిచిన 1951 టైటిల్‌ను కూడా క్లబ్బు తనదిగానే లెక్కవేసుకుంటుంది; ఆడినది తన ఆటగాళ్లే కాబట్టి, ఆ లెక్కలో తప్పు పట్టవలసినది ఏమీ లేదు.