కొడుకు, కోడలు విడిపోతే.. మనవడిని చూసే దారేది?

కొడుకు, కోడలు విడిపోయారు. మనవడు తల్లితో వెళ్లిపోయాడు. నిన్నటిదాకా బడి నుంచి తీసుకొచ్చిన తాతయ్యకు, అన్నం తినిపించిన నానమ్మకు ఇప్పుడు ఫోన్లో వాడి గొంతు వినడమూ కరవైంది. కూతురి బిడ్డ తండ్రి దగ్గర ఉండిపోతే అమ్మమ్మ, తాతయ్యలదీ ఇదే బాధ. వీరికి చట్టంలో ఏ దారి ఉంది?

ప్రత్యేక హక్కు ఉందా?

మనవలను కలిసే హక్కును పెద్దలకు ఇచ్చే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. అయితే గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం-1890 కింద కోర్టును ఆశ్రయించవచ్చు. పిల్లల సంరక్షణతో పాటు వారిని కలిసే విషయాలనూ ఫ్యామిలీ కోర్టులు విచారిస్తాయి. పిటిషన్‌ మీ ఊళ్లో కాదు, బిడ్డ సాధారణంగా ఉంటున్న ప్రాంతంలోని కోర్టులో వేయాలి.

కోర్టు ఏం చూస్తుంది?

బిడ్డ సంక్షేమమే కొలమానం. ఊహ తెలిసిన వయసైతే బిడ్డ ఇష్టాన్నీ పరిగణిస్తారు. కొవిడ్‌తో తల్లిదండ్రులను కోల్పోయిన ఒక బాలుడిని 2022లో సుప్రీంకోర్టు నానమ్మ, తాతయ్యలకే అప్పగించింది. తల్లిదండ్రులు ఉన్నప్పుడు మాత్రం పూర్తి సంరక్షణ దక్కడం కష్టం. అందుకే నెలకు రెండు ఆదివారాలు, పండగ పూట కొన్ని గంటలు, వారానికో వీడియోకాల్ వంటి చిన్న కోరికలే అడగడం మేలు. బిడ్డను కలిసేందుకు మీ అబ్బాయికి ఇప్పటికే కోర్టు అనుమతి ఉంటే, ఆ సమయంలో మీరూ ఉండవచ్చేమో లాయర్‌ను అడగండి.

ముందుగా ఎక్కడికి వెళ్లాలి?

కేసు వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. హెల్ప్‌లైన్ 15100. ఇరుపక్షాలనూ పిలిచి మాట్లాడిస్తారు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది కాబట్టి నానమ్మ లేదా అమ్మమ్మ పేరుతో దరఖాస్తు చేస్తే లాయర్ ఖర్చు తప్పుతుంది. బిడ్డను మీరు పెంచినట్టు చూపే ఫొటోలు, ఫీజు రసీదులు, ఆసుపత్రి చీటీలు దగ్గర పెట్టుకోండి.

ఏం చేయకూడదు?

చెప్పకుండా బడి నుంచి బిడ్డను తీసుకెళ్లొద్దు. గృహహింస కేసులో కోడలిని సంప్రదించరాదన్న ఉత్తర్వులుంటే నేరుగా ఫోన్ చేయొద్దు, లాయర్ ద్వారానే మాట్లాడండి. బిడ్డ ముందు తల్లినీ తండ్రినీ నిందించొద్దు. పెద్దల తగవులో తననూ ఒక పక్షం చేస్తున్నారని బిడ్డకు అనిపిస్తే, కోర్టు అనుమతి ఇచ్చినా మీ దగ్గరకు రావడానికి వెనకాడతాడు.