పెరటి సాగు నేర్పే ఇరుగుపొరుగు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి విస్తారంగా పండే మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల్లోనూ, సూర్యాపేట పట్టణంలోనూ ఇళ్ల చుట్టూ ఖాళీ జాగా తగ్గేకొద్దీ, పెరట్లో కూరగాయలు పండించిన పెద్దల అనుభవం పిల్లలకు అందకుండా పోతున్నది. ఈ లోటు తీర్చడానికి స్వచ్ఛందంగా నేర్పేవారిని తయారుచేసే పద్ధతి ఒకటున్నది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1970వ దశకం తొలినాళ్లలో మొదలైన మాస్టర్ గార్డెనర్ కార్యక్రమంలో, విశ్వవిద్యాలయ విస్తరణ విభాగం, అనగా పరిశోధన ఫలితాలను ప్రజలకు చేరవేసే శాఖ, ఔత్సాహికులకు శిక్షణ ఇస్తుంది. వారు బదులుగా నిర్ణీత గంటలపాటు పదిమందికీ ఉచితంగా సలహాలిస్తారు.

సూర్యాపేట జిల్లాలో ఇటువంటి శిక్షణకు అనువైన సంస్థ గడ్డిపల్లిలోని కృషి విజ్ఞాన కేంద్రం. శాస్త్రవేత్తల పరిశోధనను స్థానిక నేలలో పరీక్షించి రైతులకు చేసి చూపడం ఈ కేంద్రాల పని; దేశంలో మొదటిది 1974లో పుదుచ్చేరిలో ఏర్పడింది.

చేసి చూపడంలోనే అసలు బలమున్నది. చిక్కుడు చిగుళ్లపై నల్లగా గుంపుకట్టే పేనుబంకను, అంటే మొక్క రసం పీల్చే చిన్న పురుగును, ఆకు తిప్పి చూపించి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిపాటి సబ్బునీటితో కలిపి సాయంత్రం వేళ పిచికారీ చేయిస్తే, నేర్చుకున్నవారు మరచిపోరు. ఇలా చేసి చూపడానికి శాస్త్రవేత్తలే కానక్కర్లేదు; ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో అనుభవజ్ఞులైన రైతులే సాటి రైతులకు నేర్పుతున్నారు. అలాగే మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట పట్టణాల్లో మిద్దెమీదో పెరట్లోనో కూరగాయలు పండిస్తున్నవారు వారానికి ఒక గంట పక్కింటివారికి కేటాయించాలి.